నది 53 అడుగులంటే మీ గడప దగ్గర ఎంత?

జులై, ఆగస్టు వచ్చిందంటే టీవీల కింద స్క్రోలింగ్ మొదలవుతుంది. భద్రాచలం దగ్గర 48 అడుగులు, ధవళేశ్వరం దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు, ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, రెండో ప్రమాద హెచ్చరిక జారీ. చూస్తాం, అమ్మో అనుకుంటాం, ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి మీ వైపు ఎలా ఉంది అని అడుగుతాం. కానీ ఆ నంబర్లు విని మా ఇంట్లోకి నీళ్లొస్తాయి లేదా రావు అని తేల్చుకోగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు?

2024 సెప్టెంబర్ 1 పొద్దున విజయవాడ సింగ్ నగర్లో మా పెద్దమ్మ వాళ్లింట్లో అదే జరిగింది. టీవీ అంతా కృష్ణ గురించే చెప్తోంది, కృష్ణేమో వాళ్లింటికి కిలోమీటర్ల దూరం, మధ్యలో ఊరు ఊరంతా ఉంది, అందుకని ఆవిడ నింపాదిగా టిఫిన్ పనిలో పడింది. కాసేపటికి గుమ్మంలో నీళ్లు, మధ్యాహ్నానికి ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది, వీళ్లు పై వాటావాళ్ల ఇంట్లో. నీళ్లు తీశాక పెద్దనాన్న చేసిన మొదటి పని గడప మీద నుంచి గోడ మీది బురద గీత దాకా టేపు పెట్టి కొలవడం. 4 అడుగుల 2 అంగుళాలు. అదొక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాడు. అప్పుడు నవ్వుకున్నాం కానీ, వరద రిస్కు గురించి ఆ ఇంటికి సంబంధించి ఇప్పటిదాకా ఎవరైనా రాసిన అసలైన లెక్క అదొక్కటే అని నాకిప్పుడు అనిపిస్తుంది. ఎందుకో చూద్దాం.

అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు దేన్ని కొలుస్తాయి

క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, లీటర్లలో 28 పైచిలుకు, ఇంటి భాషలో దాదాపు రెండు బిందెలు. అంటే అది వేగం లాంటిది, ఎంత నీరు పోతోందో చెప్తుంది. టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు, అది నిల్వ. రెండిటికీ లింకు ఏంటంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు ప్రవాహం సుమారు 24 లక్షల క్యూసెక్కులు. దాన్ని 11,574తో భాగిస్తే రోజుకి 207 టీఎంసీలు. నాగార్జునసాగర్ మొత్తం కెపాసిటీ 312 టీఎంసీలు, అంటే ఆ రోజు ఉన్న ఊపులో గోదావరి ఖాళీ సాగర్‌ని రోజున్నరలో నింపేసేది. పైన డ్యాములు ఉన్నాయి కదా ఆపేస్తాయిలే అనేవాళ్లకి ఈ ఒక్క భాగహారం చాలు. చిన్న వరదని డ్యాము మింగేస్తుంది, మధ్యరకం దాన్ని కాస్త సాగదీసి పంపిస్తుంది, ఇలాంటి వరద వచ్చినప్పుడు మాత్రం వచ్చింది వచ్చినట్టు కిందకి వదలడం తప్ప ఎవరూ ఏం చేయలేరు.

ఇక అడుగులు. భద్రాచలం దగ్గర 53 అడుగులు అంటే నది లోతు 53 అడుగులని కాదు, ఊళ్లోకి 53 అడుగుల నీళ్లొచ్చాయనీ కాదు, నది ఒడ్డున ఉన్న స్కేలు మీద నీళ్లు ఎక్కడికి తగిలాయో ఆ గీత నంబరు. ఆ స్కేలుకి సున్నా ఎక్కడ పెట్టారన్నది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. అందుకే భద్రాచలం 53నీ ధవళేశ్వరం 17.75నీ పక్కపక్కన పెట్టి ఎక్కడ ఎక్కువ వరద అని అడగడంలో అర్థం లేదు. రెండూ ఆయా చోట్ల మూడో ప్రమాద హెచ్చరికే.

మూడు హెచ్చరికలు ఎవరి కోసం

భద్రాచలం దగ్గర మొదటిది 43, రెండోది 48, మూడోది 53 అడుగులు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు, ప్రవాహంలో చెప్పాలంటే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. విజయవాడ ప్రకాశం బ్యారేజీకి రెండే ఉన్నాయి, 3.97 లక్షల క్యూసెక్కులకి ఒకటి, 5.69 లక్షలకి ఇంకోటి.

ధవళేశ్వరం నంబర్లు జాగ్రత్తగా చూడండి. 10 లక్షల నుంచి 13కి, అంటే 3 లక్షలు పెరిగితే మట్టం 2 అడుగులు పెరిగింది, అక్కడి నుంచి ఇంకో 4 లక్షలకి 4 అడుగులు. క్యూసెక్కులూ అడుగులూ ఒకే లెక్కన పెరగవు, నది వెడల్పు, గట్లు, కింద సముద్రం పోటు ఇవన్నీ కలుస్తాయి. నిన్న 2 లక్షలు పెరిగితే మా వీధిలో అడుగే వచ్చింది, ఈ రోజు కూడా అంతే వస్తుంది అనుకోవడం ఇక్కడే దెబ్బ కొడుతుంది.

ఇంకో సంగతేంటంటే ఈ హెచ్చరికలు ప్రధానంగా యంత్రాంగం కోసం పెట్టుకున్న గీతలు. ఏ లెవెల్‌కి ఏ ఆఫీసర్ ఎక్కడుండాలి, ఏ పల్లపు కాలనీలు ఖాళీ చేయించాలి, పునరావాస కేంద్రాలు ఎప్పుడు తెరవాలి అనేది వాటిని బట్టి నడుస్తుంది. మూడో హెచ్చరిక వచ్చినా చుక్క నీరు రాని ఇల్లుంటుంది, మొదటి హెచ్చరికకి ముందే దారి తెగిపోయే ఊరుంటుంది. నంబరు నదిది. మన ఇంటి నంబరు వేరే ఉంటుంది, దాన్ని ఎవరూ ప్రకటించరు.

గడప లెక్క

నది ఒడ్డున పాతకాలం వాళ్లు లెక్క ఎలా చెప్తారో గమనించండి. ఇన్నడుగులొస్తే రావిచెట్టు మొదలు తడుస్తుంది, ఇంకో రెండడుగులకి బడి మెట్లు, ఆ పైన ఇంకో అడుగున్నర వస్తే మన అరుగు. ఇంజనీర్లు చేసేదీ ఇదే, కాకపోతే వాళ్లు సముద్ర మట్టం నుంచి మీటర్లలో చెప్తారు. నది స్కేలు మీది అంకెని మన గడప అంకెగా మార్చుకోవడమే అసలు పని.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. భద్రాచలం ప్రాంతంలో, కరకట్ట రక్షణ లేని నదివైపు ఊళ్లో ఒక ఇల్లు. 2022లో స్కేలు 71.3 చూపించినప్పుడు ఆ ఇంట్లో గడప మీద 4 అడుగుల నీళ్లు నిలిచాయి. 71.3లోంచి 4 తీసేస్తే 67.3. అంటే ఆ ఇంటి గడప నంబరు 67.3. ఇక మీదట టీవీలో 53 అని వస్తే వాళ్లకి ఇంకా 14 అడుగుల పైన గ్యాప్ ఉంది, 64 అని వస్తే మూడడుగుల చిల్లర మిగిలింది. ఆ ఊరికీ భద్రాచలానికీ నది వాలులో తేడా ఉంటుంది కానీ ఆ తేడా ఇంట్లో పడిన మరకలోనే కలిసి వచ్చేస్తుంది, అందుకే సొంత ఇంటి మరక అంత విలువైనది. 2006లో భద్రాచలం స్కేలు 66.9 దాకా వెళ్లింది. ఈ లెక్కన ఆ ఇంటి గడపకి అయిదు అంగుళాలు తక్కువ. రాత్రంతా గుమ్మంలో కూర్చుని టార్చిలైటు వేసి చూసి, తెల్లారాక మా ఇంటికి వరద రాదు అని చెప్పుకునే ఇళ్లు ఇలాంటివే!

ఈ గడప నంబరు కూడా శాశ్వతం కాదు. కాలనీల్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోతారు, పదిహేనేళ్లలో రోడ్డు అడుగున్నర లేచి, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగాల్సొస్తుంది. ఇల్లు కదల్లేదు, కానీ పల్లం అయిపోయింది. పక్క ప్లాటు వాళ్లు కొత్తగా కట్టేటప్పుడు బేస్‌మెంట్ నాలుగడుగులు లేపితే వాళ్ల వాకిట్లో నిలవాల్సిన నీళ్లు కూడా మన వాకిట్లోకే. ఇక్కడ బేస్‌మెంట్ అంటే మన మేస్త్రీల భాషలో బేస్‌మెంట్, పునాది మీద నేల దాకా లేపే కట్టుబడి. సిటీ అపార్ట్‌మెంట్లలో అదే మాట భూమి కింద పార్కింగుకి వాడతారు, వరద విషయంలో ఈ రెండూ పూర్తిగా తలకిందుల వ్యవహారం.

వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి కాదు

పేపర్లలో తరచూ కనిపించే మాట ఇది. వందేళ్ల వరద వచ్చేసింది, కాబట్టి ఇంకో వందేళ్లు నిశ్చింత అని చాలామంది అర్థం చేసుకుంటారు. నిజానికి దాని అర్థం ఏ ఏడాదికాయేడు ఆ స్థాయి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. పాచికలు వేసినట్టే, నిన్న ఆరు పడింది కాబట్టి ఈ రోజు పడదని రూలేం లేదు.

హోమ్ లోన్ ముప్పై ఏళ్లనుకుందాం. ఏటా 1 శాతం ఛాన్సుంటే, ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే ఛాన్సు 26 శాతం. అదే యాభై ఏళ్ల వరద, అంటే ఏటా 2 శాతం అయితే 45 శాతం. పాతికేళ్ల వరదైతే 70 శాతం దాటిపోతుంది. ఈఎంఐ కట్టడం పూర్తయ్యేలోపు నాణెం ఎగరేసినంత ఛాన్సు ఉన్నదాన్ని అరుదైన వరద అని పిలవడం కొంచెం విడ్డూరమే.

మరి ఆ ఏటా ఎంత అనేది ఎలా తెలుస్తుంది? పాత రికార్డులు చూసి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. భద్రాచలంలో 70 అడుగులు దాటిన వరదలు 1986లో (75.6, ఇప్పటికీ అదే రికార్డు), 1990లో (70.8), 2022లో (71.3). మన ఊహాత్మక ఇంటి గడప 67.3 కాబట్టి ఈ మూడుసార్లూ మునిగింది. 1986 నుంచి 2022 దాకా లెక్కేస్తే 37 ఏళ్లలో 3 సార్లు, అంటే ఏటా సుమారు 8 శాతం, వచ్చే పదేళ్లలో ఒక్కసారైనా మునిగే ఛాన్సు 57 శాతం. అదే లెక్కని 1991 నుంచి మొదలెడితే? 32 ఏళ్లలో ఒక్కసారి, ఏటా 3 శాతం, పదేళ్లకి 26 శాతం. ఇల్లు అదే, నది అదే, మొదలుపెట్టిన ఏడాది మారేసరికి రిస్కు సగానికి పైగా తగ్గిపోయింది. ఎక్కువ ఏళ్ల రికార్డు ఉంటే ఈ ఊగిసలాట తగ్గుతుంది, ఒక పెద్ద వరద ఏడాదితో మొదలెట్టడం కూడా లెక్కని కాస్త పైకి లాగుతుంది. అందుకే ఏ పర్సెంటేజీ విన్నా ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కేశారు అని అడగడం న్యాయం.

మనుషులు కూడా సరిగ్గా ఇదే తప్పు చేస్తారు. 1986, 1990 నాలుగేళ్ల తేడాలో వచ్చాయి, తర్వాత 32 ఏళ్లు 70 దాటలేదు. ఆ మధ్యలో పుట్టి, పెళ్లి చేసుకుని, ఇల్లు కట్టుకున్నవాళ్లకి 70 అడుగులు అంటే ముసలాళ్లు చెప్పే కథ. పైగా 1986, 1990 వరదలు ఆగస్టులో వస్తే 2022ది జులై మధ్యలోనే వచ్చి కూర్చుంది, ఇంకా సీజన్ మొదట్లోనే ఉన్నామని అనుకుంటున్నప్పుడు.

నది పొంగకుండానే ఇల్లు మునగడం

మళ్లీ బెజవాడకి వద్దాం. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, రెండో హెచ్చరికకి రెట్టింపు, 2009 అక్టోబర్ వరదని కూడా దాటేసింది. ఆ లెక్కన మునగాల్సింది కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంక. అక్కడేమో రిటైనింగ్ వాల్ నిలబడింది, అక్కడక్కడ లీకులు తప్ప ఊరు బతికింది. నదికి దూరంగా ఉన్న సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, జక్కంపూడి మునిగాయి.

కారణం బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి విజయవాడ ఉత్తరం అంచు నుంచి కొల్లేరుకి పోయే ఏరు. మామూలు రోజుల్లో చూస్తే మురిక్కాలవ అనుకుని ముక్కు మూసుకుంటారు. బెజవాడ దుఃఖదాయిని అనే పేరు మాత్రం దానికి ఎప్పట్నుంచో ఉంది, 2005లో కూడా ఊరిని ముంచింది. దాన్ని ఊళ్లోకి రానీకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి ఒక మళ్లింపు కాలవ తవ్వి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ప్లాన్ బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. ఆ కాలవ కలిసేది ప్రకాశం బ్యారేజీకి పైన. కృష్ణ ఖాళీగా ఉంటే బుడమేరు నీళ్లు జారిపోతాయి, కృష్ణే నిండుగా ఉంటే పోవడానికి చోటు లేక వెనక్కి తంతాయి.

ఆ రెండు రోజుల్లో కొండల మీదా ఊరి మీదా ఒకేసారి కుండపోత. కాలవ మోయగలిగింది దాదాపు 15 వేల క్యూసెక్కులు, వచ్చింది దానికి రెండింతల పైనే. ఎదురుగా కృష్ణ నిండుగా ఉంది. వెలగలేరు గేట్లు ఎత్తాల్సొచ్చింది, మళ్లింపు కాలవ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి, ఆ నీళ్లన్నీ బుడమేరు పాత దారి పట్టుకున్నాయి. ఆ పాత దారిలో ఇప్పుడు ఇళ్లున్నాయి. గండ్లు పూడ్చడానికి ఆర్మీ వాళ్లు రావాల్సొచ్చింది, పూడేసరికి సెప్టెంబర్ 7.

నీరు పల్లమెరుగు అన్నది సామెతే కానీ దీనికన్నా మంచి ఫ్లడ్ మ్యాపు ఎవరూ గీయలేదు. ఏరు దారి మార్చామని మనం అనుకుంటాం, పల్లం ఎక్కడుందో మాత్రం మారదు.

ఇక్కడ తేలేదేంటంటే వరద అని ఒకే మాట అంటున్నాం కానీ కనీసం మూడు రకాలున్నాయి. నది గట్టు దాటి రావడం ఒకటి. పెద్ద నది నిండుగా ఉండి వాగుల్ని ఎగదన్నడం ఇంకోటి, గోదావరి నిండితే శబరి, కిన్నెరసాని, తాలిపేరు అన్నిటికీ ఇదే పరిస్థితి, కూనవరం దగ్గర శబరి కలిసే చోట ఏటా కనిపిస్తుంది. మూడోది వాగే నేరుగా మీద పడడం. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి అలాగే తెల్లారేసరికి మునిగింది, జనం డాబాల మీదెక్కి హెలికాప్టర్ కోసం చూశారు. ముందు రోజు నుంచి ఆ పొద్దుటి దాకా 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, చాలా ఊళ్లకి నెల మొత్తం మీద కూడా అంత పడదు. టైమ్ విషయంలో తేడా ఇక్కడే. భద్రాచలంలో పీక్ వచ్చాక ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, సామాన్లు అటక మీద పెట్టుకునే టైమ్ ఉంటుంది. వాగుకి గంటలే. పైగా చాలా వాగులకి స్కేలే లేదు, కాబట్టి ఎన్నడుగులు అని చెప్పేవాడు కూడా ఉండడు.

గట్టు కట్టాక

గట్టు ఉంటే సేఫ్ అనేది ఒక వాదన, దానికి ఆధారాలూ ఉన్నాయి. పైన చెప్పిన కృష్ణలంక ఉంది. ఖమ్మంలో 2024 సెప్టెంబర్ 1న మున్నేరు 36 అడుగులు దాటి (అక్కడ రెండో హెచ్చరికే 24) బొక్కలగడ్డ వైపు ఇళ్లన్నీ ముంచినప్పుడు జనం అడిగింది కూడా రిటైనింగ్ వాల్ ఎప్పుడు పూర్తవుతుందనే. 2022లో భద్రాచలం ఊరు 71 అడుగులకి కూడా బతికి బట్టకట్టిందంటే కరకట్ట వల్లే.

రెండో వాదన, గట్టు చిన్న వరదల్ని ఆపుతుంది కాబట్టి జనానికి భయం పోయి గట్టు పక్కనే ఇంకా ఎక్కువ ఇళ్లు కడతారు, గండి పడిన రోజు నష్టం వెనకటి కన్నా ఎక్కువ అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, గట్టు బయటి నీళ్లని ఎలా ఆపుతుందో లోపలి వాన నీళ్లని కూడా అలాగే ఆపుతుంది. అందుకే గట్టు కింద స్లూయిస్‌లు, అంటే తలుపులున్న తూములు పెడతారు, నది తక్కువుంటే తెరుస్తారు, ఎక్కువుంటే మూసేస్తారు. మూసినప్పుడు ఊళ్లో వాన పడితే ఆ నీళ్లు మోటార్లతో తోడి నదిలో పోయాలి. భద్రాచలంలో రామాలయం చుట్టుపక్కల వీధులు, పల్లపు కాలనీలు మునిగేది ఎక్కువగా ఇలాగే, స్లూయిస్ లీకులూ లోపలి వాన నీళ్లూ కలిసి. గట్టు లోపలున్న ఇంటికి నేను పైన చెప్పిన గడప లెక్క నేరుగా పనిచేయదు కూడా ఇందుకే, అక్కడ నది ఎన్నడుగులు అన్నదాని కన్నా మోటార్లు ఎన్ని పనిచేస్తున్నాయి, కరెంటు ఉందా లేదా అన్నది ముఖ్యం.

నా మటుకు నాకు రెండు వాదనలూ నిజమే అనిపిస్తాయి, కాకపోతే అవి వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. ఇప్పటికే ఊరున్న చోట గట్టు వద్దనడం అమానుషం. ఇంకా ఊరు లేని చోట గట్టు చూపించి ప్లాట్లు అమ్మడం వేరే సంగతి.

పోలవరం వల్లేనా

2022 తర్వాత ఎక్కువ గొడవ జరిగింది దీని మీద. తెలంగాణ వైపు చెప్పేది, పోలవరం దగ్గర నదికి అడ్డుగా కాఫర్ డ్యామ్ (పని జరిగేటప్పుడు వేసే తాత్కాలిక కట్ట) కట్టి నీళ్లని స్పిల్‌వే, అంటే గేట్లున్న భాగం వైపు మళ్లించారు, దాంతో వెనక జలాలు పెరిగి భద్రాచలం దగ్గర వరద త్వరగా తీయడం లేదు, ముఖ్యంగా వాగులు ఎగదన్నుతున్నాయి, కాబట్టి ఉమ్మడి సర్వే చేయాలి. ఆంధ్రప్రదేశ్ వైపు చెప్పేది, స్పిల్‌వేకి 48 గేట్లున్నాయి, 50 లక్షల క్యూసెక్కులకి డిజైన్ చేశాం, వరదలో అన్నీ తెరిచే ఉంటాయి, అసలు పోలవరం లేని రోజుల్లోనే 1986లో 75.6 అడుగులు వచ్చింది కదా.

రెండో వాదనలో బలం ఉంది, 1986ని ఎవరూ కాదనలేరు. కానీ అప్పుడొచ్చింది కాబట్టి ఇప్పుడు డ్యామ్ ప్రభావం సున్నా అని కూడా దాని నుంచి తేలదు. ఒకే ప్రవాహానికి ముందు ఎంత మట్టం వచ్చేది, ఇప్పుడు ఎంత వస్తోంది, ఎన్ని గంటలు ఎక్కువ నిలుస్తోంది అన్నది కొలవాల్సిన విషయం. పూర్తి మట్టం 45.72 మీటర్లకి నీళ్లు నిలబెట్టినప్పుడు ముంపు ఎక్కడిదాకా వస్తుందన్నది మరో లెక్క, వరద రోజు మట్టం ఇంకో లెక్క. టీవీ చర్చల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు. మధ్యలో కూనవరం, వీఆర్ పురం వైపు జనం 2022లో గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు, వాళ్లకి డ్యామ్ ముంపూ వరద ముంపూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మునిగే చోటే ఎందుకుంటారు

ఊళ్లో కూర్చుని ఈజీగా అనేస్తాం, ఏటా మునుగుతుంటే వెళ్లిపోవచ్చుగా అని. కోనసీమ లంకల్లో అడిగి చూడండి. ఎర్రనీరు తెచ్చే ఒండ్రు మీదే వాళ్ల అరటి, కూరగాయలు. వరద రావడం వాళ్లకి క్యాలెండర్లో పండగ లాంటిది, కాజ్‌వే మునుగుతుంది, పడవలు తిరుగుతాయి, పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలతారు, ఇల్లు ఎటూ మెరక చూసే కట్టుకుని ఉంటారు. వాళ్లని అసలు భయపెట్టేది కోత. మునిగితే నీళ్లు తీశాక కడుక్కుంటారు, నది ఒడ్డు కోసుకుపోతే కొబ్బరి చెట్లతో సహా భూమే ఉండదు. వరద రిస్కు అనగానే లోతు గురించే ఆలోచిస్తాం గానీ కోత వేరే రకం, దానికి స్కేలు మీద నంబరుండదు.

టౌన్లో లెక్క ఇంకోలా ఉంటుంది. ఊరికే లెక్క కోసం, పల్లపు కాలనీలో కింది వాటా అద్దె పక్క కాలనీ కన్నా నెలకి 2 వేలు తక్కువ, ఏడాదికి 24 వేలు మిగులు. ఇల్లు మునిగితే నష్టం లక్షన్నర, ఏటా మునిగే ఛాన్సు పన్నెండులో ఒకటి అనుకుంటే సగటున ఏడాదికి 12,500. అద్దెకున్నవాళ్లు అక్కడే ఉండడం తెలివితక్కువతనం కాదు, లెక్క వాళ్ల వైపే ఉంది. కానీ సగటు అనేది కాగితం మీదే, నష్టం వచ్చేది ఒకే రోజున లక్షన్నరగా, చేతిలో పదివేలు కూడా లేని రోజున. పనికి పోని రోజులు, పిల్లల సర్టిఫికెట్లు, జ్వరాలు ఇందులో కలపనే లేదు.

విజయవాడలో ప్రభుత్వం ఇచ్చిన సాయం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకి 10 వేలు. నష్టమంతా తీరుస్తుందని ఎవరూ అనలేదు, నిలదొక్కుకోవడానికి ఇచ్చింది. ఇన్సూరెన్స్ సంగతికొస్తే 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ కంపెనీలూ అమ్మాల్సిన స్టాండర్డ్ పాలసీ భారత్ గృహ రక్ష, అందులో వరద కవర్ ముందే ఉంటుంది. భూమి విలువ లెక్కలోకి రాదు, కట్టడానికి అయ్యే ఖర్చే. 1,200 చదరపు అడుగులకి అడుగుకి 2 వేలు అనుకుంటే 24 లక్షలు, ఇంట్లో సామాన్లకి దాని మీద 20 శాతం, అంటే 4.8 లక్షలు ఆటోమేటిగ్గా వస్తుంది, దానికి గరిష్ఠం 10 లక్షలు. బండ్ల విషయంలో మాత్రం మెలిక ఉంది, నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే పోయే ఇంజన్‌కి మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ సాధారణంగా డబ్బులివ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకుంటేనే. మా పెద్దమ్మ వాళ్ల వీధిలో నీళ్లు తీసిన రోజు అందరూ చేసిన మొదటి పని బండి కిక్కు కొట్టడం.

ఎఫ్‌టీఎల్, బఫర్ ఏం చెప్తాయి, ఏం చెప్పవు

హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అనే మాట ఇంటింటి మాట అయిపోయింది. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే గీత అది. దాని బయట ఖాళీగా వదలాల్సిన జాగా బఫర్. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు, 10 మీటర్ల కన్నా వెడల్పున్న వాగుకి, నాలాకి 9 మీటర్లు, సన్నవాటికి 2 మీటర్లు. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ రూల్స్ మారుతూ వచ్చాయి.

ఇవి పర్మిషన్ లెక్కలు. మీటర్లలో అడ్డంగా కొలుస్తారు, నీళ్లేమో నిలువుగా చూసుకుంటాయి. చెరువుకి 40 మీటర్ల దూరంలో అలుగు పారే దారిలో ఉన్న ఇల్లు బఫర్ బయటే, కాగితం క్లీన్, కానీ అలుగు పడితే మునుగుతుంది. 20 మీటర్లలోనే మెరక మీదున్న ఇల్లు రూల్ ప్రకారం తప్పు, నీళ్ల ప్రకారం పొడి. రెండు ప్రశ్నలూ వేర్వేరు, ఒకటి కూలుస్తారా అని, ఇంకోటి మునుగుతుందా అని. వరద మైదానాల్లో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే చట్టం తెమ్మని కేంద్రం 1975లోనే నమూనా బిల్లు పంపింది, మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ లాంటి కొద్ది రాష్ట్రాలే తెచ్చాయి. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ల సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వరదలప్పుడు శాటిలైట్ ఫోటోలతో ముంపు మ్యాపులు భువన్ అనే వెబ్‌సైట్లో పెడుతుంటుంది, ఏ ఏరియా తడిసిందో తెలుస్తుంది, ఏ గడప మీద ఎంత అనేది మాత్రం అంత పైనుంచి కనపడదు.

అది కనపడేది గోడ మీదే. కింద రెండు వరసలు కొత్త ప్లాస్టరింగ్, మీటర్ బోర్డు మనిషి ఎత్తుకి జరిపి ఉండడం, ప్లైవుడ్ కబోర్డుల అడుగు భాగం ఉబ్బిపోయి ఉండడం, స్విచ్ బోర్డుల్లో కిందివన్నీ కొత్తవి పైవన్నీ పాతవి. సున్నం వేస్తే చాలావరకు పోతాయి.

మా పెద్దమ్మ వాళ్లు కూడా వేయించారు. పోయిన సంక్రాంతికి కింద వాటా అద్దెకి ఇద్దామని టులెట్ బోర్డు పెడితే ఒక కొత్త జంట చూడ్డానికొచ్చారు. గదులు చూశారు, గాలి బాగా వస్తోంది అన్నారు, కబోర్డులు తెరిచి చూశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఆ అమ్మాయి అడిగింది, "ఆంటీ, నీళ్లకేం ఇబ్బంది లేదు కదా?" పెద్దమ్మ పెద్దనాన్న వైపు చూసింది. ఆయన మాట్లాడకుండా లోపలికెళ్లి బీరువా తలుపు మీది కాగితం ఊడదీసుకుని వచ్చాడు.